పిండి అంటని వీపు

గణపతి చేతులు చూసినవాళ్ళు ఇంకోసారి తిరిగి చూస్తారు. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే చేతులవి. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి, మెలితిప్పి, పీచు ఊడదీసే పని పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా చేస్తాడు. అరచేతులు చెక్కలా గట్టిపడిపోయాయి. అదే మనిషి నాటకంలో కోపం తెచ్చుకుని ఎదుటివాడి కాలరు పట్టుకుంటే, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కుర్చీలతో సహా వెనక్కి జరుగుతారు. అంత నటుడు. ఆ చేతులతో అతను ఇన్నేళ్ళుగా ఏ పని చెయ్యలేకపోతున్నాడో తెలిసిన రోజున నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం మా రాజోలులో వార్తే.

నా పేరు ఝాన్సీ. హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఆడపిల్లల చేత కబడ్డీ ఆడించి, వాళ్ళ అమ్మానాన్నల చేత తిట్లు తిని, మెడలో విజిల్‌తోనే ఉద్యోగమంతా గడిపాను. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అంటారు. ఎక్కువేం కాదు, ఆలస్యంగా రాదు, అంతే.

ఒకరోజు దుర్గాశ్రీనివాస్ మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఊళ్ళో వాళ్ళని పోగేసి నాటకాలు ఆడిస్తుంటాడు.

"మేడమ్‌గారూ, మా నాటకానికి మీరొక సాయం చెయ్యాలండి."

"నాటకాలు నాకేం తెలుసురా?"

"నాటకం మేం చూసుకుంటామండి. మీరు మావాళ్ళకి ముట్టుకోవడం నేర్పాలండి."

వీడికి మతి పోయిందా అనుకున్నాను. తర్వాత వివరంగా చెప్పాడు. పోయినేడు కొత్తపేట పోటీల్లో వీళ్ళ నాటకం అయిపోయాక జడ్జి మైకు పట్టుకుని, "మీ తండ్రీకూతుళ్ళు ఆర్టీసీ బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్న ప్రయాణికుల్లా ఉన్నారు" అన్నాడట. హాలంతా ఘొల్లుమందట. ఈ ఏడు నాటకంలో ముగింపే కౌగిలింత. ఎన్నో ఏళ్ళు కువైట్‌లో ఉండిపోయిన తండ్రి తిరిగొస్తాడు. కూతురు గుర్తుపట్టదు. చివరికి గుర్తుపట్టి, అతని గుండెల మీద వాలిపోతుంది. ఆ ఒక్క క్షణం పండకపోతే నాటకం మొత్తం దండగ.

తండ్రి వేషం గణపతికి ఇచ్చారు. అతను నిజంగానే కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చినవాడు. కొత్తగా నటించనక్కర్లేదని అందరూ సంబరపడ్డారు. తల్లి వేషం టైలరింగ్ షాపు నడిపే సత్యదుర్గది. తాతయ్య వేషం, కాటికి కాళ్ళు చాపుకున్నానని చెప్పుకుంటూనే ప్రతి ఏడూ వేషం అడిగే వీరన్నగారిది. ఇల్లు కాజేసిన బావమరిది వేషం శ్రీనివాస్ వేసుకున్నాడు. కూతురు వేషానికి మా చర్చి పిల్ల కెజియా వచ్చింది. డిగ్రీ చదువుతోంది, మంచి గొంతు.

ఆదివారం మధ్యాహ్నాలు, మూతపడిన రైసుమిల్లు గోడౌనులో రిహార్సలు. మొదటి ఆదివారం నేను వాళ్ళ చేత కబడ్డీ ఆడించాను. ముట్టుకోవడానికి అంతకంటే దగ్గరి దారి ఏముంటుంది అనుకున్నాను. సున్నంతో గీత గీశాను. సత్యదుర్గ కూతకు వెళ్ళింది. అవతలి జట్టులో ఉన్న మగవాళ్ళు ముగ్గురూ గోడకి అతుక్కుపోయారు. ఒక్కడు చెయ్యి చాపితే ఒట్టు. ఆవిడ కూత ఆపేసి, "నేనేమన్నా పులినాండీ?" అని కొంగు దోపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు నేనే వెళ్ళి గడ్డం పట్టుకుని బతిమాలి తీసుకొచ్చాను.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. బరిలో దిగిన పిల్లలకి చెయ్యి పడుతుందని ముందే తెలుసు. ఒప్పుకునే గీత దాటుతారు. వీళ్ళని ఎవరూ ఏదీ అడగలేదు. అందుకని ఒక రూలు పెట్టాను. ముట్టుకోవాలనుకున్నవాళ్ళు ఎక్కడ చెయ్యి వేస్తారో చెప్పి అడగాలి. ఎదుటివాళ్ళు "ఆయ్" అనాలి, లేకపోతే "వద్దండి" అనాలి. వద్దంటే ఒక అడుగు వెనక్కి వేసి "సరేనండి" అనాలి. ఎందుకని అడక్కూడదు. మొహం మాడ్చుకోకూడదు.

రూలు బాగానే ఉంది గానీ దాంతో కొత్త చిక్కు వచ్చిపడింది. అందరూ అన్నింటికీ "ఆయ్" అనేవాళ్ళే. మన గోదావరి వాళ్ళకి మనిషి మొహం మీద వద్దనడం చేతకాదు. మనసులో లేకపోయినా "ఆయ్, అలాగేనండి" అంటాం, ఆ తర్వాత ఆ మనిషి ఉండే వీధిలోకి వెళ్ళడం మానేస్తాం. కెజియా నోటితో "ఆయ్" అంటూనే ఉంది, భుజాలు మాత్రం చెవుల దాకా ముడుచుకుపోతున్నాయి. నేను విజిల్ ఊదాను. ఆ ఆదివారం మొత్తం ముట్టుకోవడం కట్టిపెట్టి, వద్దనడం ఒక్కటే నేర్పాను.

"మేడమ్‌గారూ," అన్నాడు వీరన్నగారు, "ఎదురుగా నిలబడి అంత మర్యాదగా అడుగుతుంటే కాదంటే బాగుంటదాండీ?"

"బాగుండక్కర్లేదు. అనండి."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని "వద్దండి" అన్నాడు. వెంటనే కళ్ళు తెరిచి, "ఏమీ అనుకోకండి, ఆవిడ అనమంది గాబట్టి అన్నాను" అని క్షమాపణ చెప్పుకున్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత వద్దనడం అలవాటైంది. వద్దనడం వచ్చాక "ఆయ్" అన్నప్పుడు కెజియా భుజాలు దిగాయి. నెల తిరిగేసరికి సత్యదుర్గ వీరన్నగారిని చెయ్యి పట్టుకుని మంచం మీంచి లేపుతుంటే సొంత కోడలిలాగే ఉంది.

అందరికంటే మర్యాదగా అడిగేవాడు గణపతి. "కెజియాగారూ, వీపు మీద రెండు చేతులూ వెయ్యచ్చాండీ?" అని ప్రతిసారీ అడిగేవాడు. ఆ పిల్ల "ఆయ్" అనేది. అతను చేతులు చాచి దగ్గరికి తీసుకునేవాడు. నేను అతని మొహమే చూసేదాన్ని. ఆ మొహంలో ఎంత బాధ పలికేదంటే ఇంకెక్కడికీ చూపు పోయేది కాదు. అక్కడే మోసపోయాను.

పోటీలు దగ్గరపడ్డాక నా పాత చిట్కా ఒకటి బయటికి తీశాను. స్కూల్లో కబడ్డీ అప్పుడు "తగిలింది", "తగల్లేదు" అని పిల్లలు కొట్టుకు చచ్చేవాళ్ళు. వాళ్ళ అరచేతులకి సుద్దపొడి రాసేదాన్ని. తగిలితే బట్టల మీద పడుతుంది, గొడవ ఉండదు. ఇక్కడ సుద్దపొడికి బదులు పళ్ళెంలో బియ్యప్పిండి పోశాను. సత్యదుర్గ అందరికీ నల్లచొక్కాలు కుట్టింది. చేతులకి పిండి అద్దుకుని నాటకం మొత్తం ఆడితే, ఎవరి చెయ్యి నిండుగా పడింది, ఎవరిది వేళ్ళ చివర్లతో తప్పించుకుంది, చొక్కాలే చెబుతాయి.

ఆ ఆదివారం నాటకం బ్రహ్మాండంగా వచ్చింది. చివరి సీను ముందు అందరూ మళ్ళీ పిండి అద్దుకున్నారు. "నేనమ్మా, మీ నాన్నని" అని గణపతి అనేసరికి కెజియా నిజంగానే ఏడ్చేసింది. అతను ఆ పిల్లని రెండు చేతుల మధ్యకి తీసుకుని తల వంచాడు. వీరన్నగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాకూ ముక్కు చీదక తప్పలేదు.

విజిల్ ఊది, "తిరగండి, చూద్దాం" అన్నాను.

శ్రీనివాస్ కాలరు మీద గణపతి వేళ్ళు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. వీరన్నగారి భుజం మీద సత్యదుర్గ అరచెయ్యి నిండుగా ఉంది. కెజియా వెనక్కి తిరిగింది.

నల్లగా ఉంది. భుజాల నుంచి నడుం దాకా, కుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క నలుసు పిండి లేదు.

శ్రీనివాస్ దగ్గరికొచ్చి వంగి చూసి, "రాలిపోయిందేమోనండి" అని గొణిగాడు. నేను గణపతి చేతులు చూశాను. అద్దుకున్న పిండి అద్దుకున్నట్టే ఉంది. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు. ఇన్ని వారాలుగా మా అందరి కళ్ళెదుటా ఆ పిల్లని పొదువుకున్నట్టే కనిపించిన మనిషి, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. గాల్లో చేతులు పెట్టి మమ్మల్ని ఏడిపించాడు. నా ఒళ్ళు చల్లబడిపోయింది.

ఆ వెంటనే వేడెక్కింది కూడా. మా నాన్న ఇక్కడి కొబ్బరితోటల్లో కూలి చేసినవాడు. పైనుంచి పోస్తే దోసిట్లో నీళ్ళు తాగినవాడు. నేను చిన్నప్పుడు పక్కన నిలబడి చూశాను. ఆ దోసిలి గుర్తొచ్చేసరికి ఇంక నేను ఆగలేదు.

"ఏవండీ గణపతిగారూ! మా పిల్ల వీపు మీ చేతికి పనికిరాలేదా? మీరు అడిగారు, అది ఆయ్ అంది. ఇంకేం అడ్డొచ్చింది? దాని పేరా? అది వెళ్ళే చర్చా?"

అతను చేతులు రెండూ ఎత్తి చూసుకున్నాడు. "తప్పయిపోయిందండి" అని ఒక్క మాట అని, బయట పంపు దగ్గర చేతులు కడుక్కుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

"మేడమ్‌గారూ," అంది కెజియా నా మోచెయ్యి పట్టుకుని, "చేతులు తగలట్లేదని మాకు తెలుసండి, ఆడవాళ్ళని ముట్టుకోడానికి మొహమాటమనుకుని ఊరుకున్నాం. ఒకసారి సత్యదుర్గక్క చొక్కా చూడండి."

రెండో సీనులో గణపతి భార్య భుజాలు రెండూ పట్టుకుని మాట్లాడతాడు. ఎంతో గట్టిగా పట్టుకున్నట్టే కనిపిస్తుంది. సత్యదుర్గ భుజాల మీద కూడా ఏమీ లేదు. ఆవిడ అతనికి వరసకి మరదలవుతుంది, వాళ్ళ మనిషే. అంటే ఇది నేను అనుకున్నది కాదు. మరి ఏమిటిది?

మర్నాడు పొద్దున్నే స్కూటీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కాలవగట్టు మీద చిన్న డాబా. గణపతి లేడు. భార్య సూర్యకుమారి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. లోపల వాళ్ళ అమ్మాయి సాయిదుర్గ తల దువ్వుకుంటోంది. అమలాపురంలో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుందట, బస్సు వేళవుతోందట. నేను జరిగింది జరిగినట్టు చెప్పి, "ఆయన ఎందుకలా చేశారు?" అని సూటిగా అడిగాను.

సూర్యకుమారి కొంగు చివర నలుపుతూ చెప్పింది.

"ఈయన కువైటెళ్ళేటప్పటికి ఇది నా కడుపులో ఉందండి. మొదటిసారి సెలవు మీద వచ్చేటప్పటికి దీనికి మూడేళ్ళొచ్చేసేయి. ఆటో దిగి, సామాన్లు కూడా దింపుకోకుండా పరిగెత్తుకొచ్చి దీన్ని ఎత్తేసుకున్నారండి. ఇది దొంగోడు, దొంగోడని వీధంతా వినపడేలా అరిచి, ఆయన చెయ్యి కొరికేసింది. రక్తమొచ్చేసిందండి. అందరం ఒకటే నవ్వు. ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ కథ చెప్పుకుని నవ్వుకుంటాం. ఆయనా నవ్వుతారు."

"తర్వాత?"

"తర్వాతేముందండి. మళ్ళీ ఎత్తుకోలేదండి."

"ఆ సెలవులోనా?"

"ఎప్పుడూనండి."

నేను సరిగా విన్నానో లేదోనని మళ్ళీ అడిగాను. సరిగానే విన్నాను. ఆ పిల్లకి ఇప్పుడు ఇరవై దాటాయి. తండ్రి శాశ్వతంగా తిరిగొచ్చి కూడా చాలా ఏళ్ళయింది. ఒకే కప్పు కింద ఉంటున్నారు, ఒకే గిన్నెలో అన్నం తింటున్నారు.

"ఏడో తరగతిలో సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుందండి. అప్పుడాయన సెలవు మీద ఇంట్లోనే ఉన్నారు. పక్కింటి ఏలీయాగారిని కేకేసి పిలిచేరు, ఎత్తుకోడానికి. ఏలీయాగారు దీన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెడుతుంటే, ఈయన దీని చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని ఏడుచుకుంటా వెనకాల పరిగెత్తేరండి."

"మీరెప్పుడూ అడగలేదా తల్లీ?"

"ఏమని అడుగుతామండి? ఆడపిల్ల కాస్త పెద్దదయ్యేక ఏ తండ్రి ముట్టుకుంటాడండి? మా నాన్న నన్ను ముట్టుకున్నట్టు నాకూ గుర్తులేదు. అందరిళ్ళల్లో ఇంతే కదా అనుకున్నాను."

మా నాన్న నన్ను ఆఖరుసారి ఎప్పుడు ముట్టుకున్నాడా అని కూర్చున్నచోటే గుర్తుతెచ్చుకోవడానికి చూశాను. ఏమీ గుర్తు రాలేదు. పిల్లల్ని భుజాలు పట్టి లాగి, ఎత్తి, కుదేసి ఆటలు నేర్పిన నాకు ఈ ప్రశ్న ఒక్కనాడూ తట్టలేదు.

లోపల దువ్వెన చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. సాయిదుర్గ సగం అల్లిన జడతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"కువైట్‌లో సేటుగారి పిల్లల్ని రోజూ భుజానేసుకుని కారెక్కించేవారండి. ఫోటో ఉంది. ఆ పిల్ల ఈయన భుజం మీద నిద్రపోతోంది. ఎవరి పిల్లనో ఎత్తుకునే మనిషి నన్నెందుకు ముట్టుకోడు అని ఆ ఫోటో చూసినప్పుడల్లా అనుకునేదాన్నండి. నేనంటే అసహ్యమేమో అనుకున్నాను, మేడమ్‌గారూ. ఇప్పటిదాకా అదే అనుకున్నాను."

"ఓలమ్మో!" అని సూర్యకుమారి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "కొరికిన సంగతి నీకు తెలుసు కదే!"

"అది నవ్వుకునే కథే కదమ్మా. దానికీ దీనికీ లంకె ఉందని నాకెవరు చెప్పేరు?"

సరిగ్గా అప్పుడే గణపతి వచ్చాడు. పనికి పోలేదట, గట్టు మీద ఎక్కడో కూర్చుని వచ్చాడు. వాకిట్లో నా స్కూటీ చూసి భయపడుతూనే లోపలికి వచ్చుంటాడు. నేను లేచి నిలబడ్డాను. "నిన్న నేనన్నది తప్పు గణపతిగారూ. అందరి ముందూ అన్నాను, అందరి ముందూ తప్పని చెబుతాను" అన్నాను. "ఊరుకోండి మేడమ్‌గారూ, మీరు పెద్దోరు" అన్నాడు గానీ అతని కళ్ళు కూతురి మీదే ఉన్నాయి. ఆ పిల్ల మొహం చూసి అంతా విన్నదని అతనికి అర్థమైంది.

"నా చేతుల్లో వణికిపోయిందండి," అన్నాడు నాతో. కూతురితో అనాల్సిన మాట నాతో అన్నాడు. "గుండె టకటకా కొట్టుకోవడం ఈ చేతికి తెలిసిందండి. మన చెయ్యి పడితే పిల్లకి ఇంత భయమా అనిపించింది. సేటుగారి పిల్లల్లా తనంతట తనే నా దగ్గరికొచ్చినప్పుడు చూద్దాంలే అని ఊరుకున్నాను. సెలవైపోయేది, వెళ్ళిపోయేవాణ్ణి. మళ్ళీ వచ్చేటప్పటికి మళ్ళీ కొత్తే. తర్వాత పెద్దదైపోయింది. స్టేజీ మీద కెజియాగారు 'ఆయ్' అన్నా సరే, చెయ్యి వెయ్యబోతే ఆ వణుకే గుర్తొస్తదండి. చేతులు ఆగిపోతాయి. సత్యదుర్గగారి దగ్గరా అంతే. కాలరు పట్టుకోమంటే పట్టుకుంటాను. అది కోపం కదండీ."

ఇన్నేళ్ళుగా ఈ మనిషి కూతురు వస్తుందని ఎదురుచూస్తున్నాడు, ఆ కూతురు తండ్రికి తనంటే అసహ్యమని కుమిలిపోతోంది, మధ్యలో ఇల్లంతా ఆ కథ చెప్పుకుని నవ్వుతోంది. నాకు దిగ్భ్రమతో పాటు పిచ్చి కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"నేను నేర్పిన రూలేమిటి గణపతిగారూ? ఊళ్ళోవాళ్ళ పిల్లని అడిగారు. మీ పిల్లని ఎప్పుడైనా అడిగారా?"

"కన్నకూతుర్ని ఎలా అడుగుతామండి?"

"కెజియాని అడిగినట్టే."

అతను ఎన్ని నాటకాలు ఆడాడో, ఆ ఒక్క మాటకి గొంతు పెగల్లేదు. చివరికి, "అమ్మా, నీ తల మీద చెయ్యి వెయ్యనా?" అన్నాడు.

సాయిదుర్గ తండ్రి చేతుల వంక చూసింది.

"వద్దు నాన్నా," అంది.

సూర్యకుమారి "ఏమే!" అని లేచింది. గణపతి మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు. "సరేనమ్మా," అన్నాడు. ఆ పిల్ల జడ పూర్తిగా అల్లుకోకుండానే బ్యాగు తగిలించుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

"కన్నతండ్రిని అలాగంటారాండీ? అది మనిషేనా?" అని సూర్యకుమారి ఏడుపు మొదలెట్టింది.

"ఊరుకోవే. రూలు," అన్నాడు గణపతి. "ఎందుకని అడక్కూడదు."

ఆ రూలు పెట్టినందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. చక్కగా నాటకం చూసుకోక ఒకరి కాపురంలో వేలు పెట్టానని అన్నం కూడా సయించలేదు. సాయంత్రం సాయిదుర్గ ఫోన్ చేసింది. నంబరు తల్లిని అడిగిందట.

"మేడమ్‌గారూ, నాకు కోపమండి. ఎంత కోపముందో ఇవాళే నాకు తెలిసింది. మీరొచ్చి విజిల్ ఊదేదాకా ఆయన అడగలేదు. అడిగేరు, సంతోషమే. కానీ ఈ కోపం పెట్టుకుని ఆయ్ అంటే అబద్ధమవుద్దండి."

అబద్ధపు "ఆయ్" అనకూడదని నెల రోజులు గొంతు చించుకున్నదాన్ని నేనే. ఇంకేం అంటాను? "సరేనమ్మా" అని పెట్టేశాను.

గణపతి ఇంక రాడనే అనుకున్నాం. అతను లేకపోతే నాటకం లేదు, ఆ వేషానికి వేరే మనిషి లేడు. శ్రీనివాస్ పోటీవాళ్ళకి ఫోన్ చేసి మానుకుంటున్నామని చెప్పేద్దామా అన్నాడు. తర్వాతి ఆదివారం గోడౌను తలుపు తీసేసరికి గణపతి అప్పటికే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పాల్సిన క్షమాపణ అందరి ముందూ చెప్పాను. అతను సిగ్గుపడి, పిండి పళ్ళెం తనే తీసుకొచ్చి పెట్టాడు. ఆ రోజు కెజియా వీపు మీద నాలుగు వేళ్ళ చివర్లు పడ్డాయి. నాలుగంటే నాలుగే. మేం అవే పదివేలనుకున్నాం.

పోటీల రోజు సాయంత్రం కొత్తపేటలో మేకప్ అవుతుంటే గణపతి నా దగ్గరికి వచ్చాడు.

"కొంచెం పిండి తెచ్చేరాండీ?"

"ఈరోజు ఎందుకు? జనానికి అంత దూరం కనపడదు కదా."

"నాకు కనపడాలండి."

సత్యదుర్గ గోలపెట్టింది, కెజియా వేసుకున్నది తను కొత్తగా కుట్టిన ముదురు నీలం లంగావోణీ అని. ఉతుక్కోవచ్చు లెమ్మని నోరు మూయించాను. తెర పక్కనుంచి చూస్తే మూడో వరసలో సూర్యకుమారి కనిపించింది. పక్కన సాయిదుర్గ ఉంది. వస్తుందని నాకు తెలియదు. గణపతికీ తెలియదు. చెబుదామా వద్దా అని తటపటాయించి, చెప్పలేదు.

చివరి సీనుకి ముందు తెర చాటున అతను కెజియాని అడగడం విన్నాను. "వీపు మీద రెండు చేతులూ వెయ్యచ్చాండీ?" "ఆయ్," అంది కెజియా. స్టేజీ మీదికి వెళ్ళారు. "నేనమ్మా, మీ నాన్నని" అన్నాడు. ఆ పిల్ల వచ్చి గుండెల మీద వాలింది. అతని చేతులు లేచి, ఎప్పటిలాగే గాల్లో ఆగిపోయాయి. నేను విజిల్‌ని పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. ఇక్కడినుంచి ఊదడానికి లేదు, అరవడానికి లేదు. జనం అదంతా నటనే అనుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

చేతులు దిగాయి. నిండుగా, బరువుగా ఆ పిల్ల వీపు మీద పడ్డాయి. లైటు వెలుగులో పిండి పొగలా లేచింది. గణపతి తన తర్వాతి మాట మర్చిపోయాడు. కెజియానే సర్దుకుని తండ్రిని పట్టుకుని తిప్పింది, ఆ తిప్పడంలో ఆమె వీపు జనం వైపుకి వచ్చింది. నీలం బట్ట మీద రెండు తెల్లటి అరచేతులు. మూడో వరసలో సాయిదుర్గ లేచి నిలబడింది. వెనకవాళ్ళు కూర్చోమంటున్నా కూర్చోలేదు.

ఉత్తమ నటుడి బహుమతి వేరే ఊరి అతనికి ఇచ్చారు. జడ్జీలతో తాడోపేడో తేల్చుకుందామని నేను లేచాను గానీ శ్రీనివాస్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అడక్కుండానే పట్టుకున్నాడు.

జనం కదిలాక గణపతిని వెతుక్కుంటూ స్టేజీ వెనక్కి వెళ్ళాను. నీళ్ళ పంపు దగ్గర వంగి ఉన్నాడు. పంపు తిప్పి, ఒక చెయ్యి నీళ్ళ కింద పెట్టాడు.

"నాన్నా, చేతులు కడుక్కోకు."

సాయిదుర్గ నా పక్కనుంచే వెళ్ళి అతని ముందు నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. గణపతి నిటారుగా అయ్యాడు. ఒక చేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి, రెండో చేతికి పిండి అలాగే ఉంది. పంపు కట్టాలని కూడా తోచలేదతనికి.

"ఇప్పుడు అడుగు," అంది.

అతను అడిగాడు. చివరి వరస దాకా వినిపించే ఆ గొంతు రెండు బారల దూరంలో ఉన్న నాకు వినపడలేదు. పెదవులు కదలడం మాత్రం చూశాను. పంపు నీళ్ళు రాతి మీద పడుతున్నాయి.

"ఆయ్," అంది సాయిదుర్గ.